కార్స్ట్ భూములు: సున్నపురాయిని నీరు మలిచిన గుహలకు, వాటి కింది జలానికి ఎందుకు ముప్పు?

మేఘాలయలోని జయంతియా కొండల కింద పదుల కిలోమీటర్ల పొడవున సాగే గుహలు, ఆంధ్రప్రదేశ్‌లోని బెలుం, బొర్రా గుహలు, ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ అడవుల్లో ఉన్న కుటుంసర్ గుహ. వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న వీటన్నింటినీ తీర్చిదిద్దింది ఒకే ప్రక్రియ. స్వల్పంగా ఆమ్లగుణం ఉన్న నీరు వేల, లక్షల ఏళ్ల పాటు సున్నపురాయిని, అదే జాతికి చెందిన ఇతర శిలలను కరిగించడమే ఆ ప్రక్రియ.

ఇలా కరిగే శిలలపై ఏర్పడిన భూభాగాన్ని భూవిజ్ఞాన శాస్త్రంలో 'కార్స్ట్' అంటారు. గుహలు, భూమిలోకి మాయమయ్యే వాగులు, ఉన్నట్టుండి కుంగే గుంతలు, ఎండాకాలంలోనూ ఆగని ఊటలు ఈ నేలల లక్షణాలు. భూమిపై మంచు కప్పని ప్రాంతంలో సుమారు 15 శాతం మేర ఇలాంటి శిలలు విస్తరించి ఉన్నాయని అంచనా. ప్రపంచ జనాభాలో దాదాపు పదోవంతు మంది తాగునీటికి కార్స్ట్ జలాలపైనే ఆధారపడుతున్నారు.

అయితే గుహలను సృష్టించిన ఈ సున్నపురాయే సిమెంటుకు ముడిసరుకు కూడా. గనుల తవ్వకం, బోరుబావుల తోడకం, మురుగు, అదుపులేని పర్యాటకం కలిసి ఈ భూములను దెబ్బతీస్తున్నాయి. ఒకసారి పోయిన గుహ మనిషి కాలమానంలో తిరిగి రాదు.

ఆ పేరు ఎక్కడిది?

స్లొవేనియా, ఇటలీ సరిహద్దులో 'క్రాస్' అనే రాతి పీఠభూమి ఉంది. దాని జర్మన్ రూపమే 'కార్స్ట్'. సెర్బియాకు చెందిన భూగోళ శాస్త్రవేత్త యోవాన్ స్వియిచ్ 1893లో ప్రచురించిన అధ్యయనంతో ఈ మాట ఒక ప్రాంతం పేరు స్థాయి నుంచి శాస్త్ర పరిభాష స్థాయికి చేరింది. ఆ పీఠభూమిలోని ష్కోత్సియాన్ గుహలను యునెస్కో 1986లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వియత్నాంలోని హాలాంగ్ అఖాతం, దక్షిణ చైనాలోని శిలావనాలు, అమెరికాలోని మామత్ గుహ కూడా ఆ జాబితాలో ఉన్న కార్స్ట్ ప్రదేశాలే.

రాయి ఎలా కరుగుతుంది?

వాననీరు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొంత కలుపుకొని నేలను చేరుతుంది. మట్టిలో వేర్లు, సూక్ష్మజీవులు విడిచే అదే వాయువు అంతకు ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది. దానితో కలిసిన నీరు బలహీనమైన కార్బానిక్ ఆమ్లంగా మారుతుంది. సోడా నీటిలో ఉండేది కూడా ఈ ఆమ్లమే.

సున్నపురాయిలో ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బొనేట్. బీటల గుండా దిగే ఆమ్లజలం దానిని కరిగించి బైకార్బొనేట్ రూపంలో మోసుకుపోతుంది. వెంట్రుకవాసి బీట ముందు వేలెడంత వెడల్పవుతుంది. నీరు ఎక్కువగా పారే దారి ఇంకా త్వరగా వెడల్పవుతుంది, దాంతో మరింత నీరు ఆ దారినే పడుతుంది. కాలక్రమంలో అది మనిషి నడవగలిగే సొరంగంగా మారుతుంది.

గుహలోకి చేరిన నీటిచుక్క నుంచి కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి విడుదలైనప్పుడు ఇందుకు వ్యతిరేక ప్రక్రియ జరుగుతుంది. నీటిలో కరిగి ఉన్న కాల్సైట్ తిరిగి గట్టిపడుతుంది. పైకప్పు నుంచి వేలాడేవి స్టాలక్టైట్లు, నేల నుంచి పైకి లేచేవి స్టాలగ్మైట్లు. ఇవి పెరిగే వేగం చోటును బట్టి మారినా, సాధారణంగా ఏడాదికి ఒక మిల్లీమీటరులో పదోవంతుకు అటూఇటూగా ఉంటుంది. ఆ లెక్కన మనిషి ఎత్తు స్టాలగ్మైట్ పెరగడానికి పదివేల ఏళ్లకు పైగా పడుతుంది. దానిని విరగ్గొట్టడానికి ఒక్క క్షణం చాలు.

వడపోత లేని నీరు

కార్స్ట్ నేలల్లో నీటి నడక వేరు. ఇసుక, మట్టి పొరల్లో భూగర్భజలం రోజుకు కొన్ని సెంటీమీటర్ల నుంచి కొన్ని మీటర్ల వరకు మాత్రమే కదులుతుంది. ఆ నెమ్మదైన ప్రయాణంలో మలినాలు, సూక్ష్మజీవులు చాలావరకు వడకట్టుకుపోతాయి. కార్స్ట్‌లో నీరు గొట్టాల్లాంటి దారుల్లో పరుగెడుతుంది. రంగు కలిపి పరీక్షించిన చోట్ల రోజుకు వందల మీటర్లు, కొన్నిచోట్ల కిలోమీటర్ల దూరం ప్రయాణించినట్లు తేలింది. ఒక ఊరి గుంతలో పారబోసిన మురుగు మరుసటి రోజుకే మరో ఊరి ఊటలో తేలవచ్చు.

ఫ్రాన్స్‌లో గుహాశాస్త్రానికి ఆద్యుడిగా పేరొందిన ఎడ్వర్డ్ ఆల్‌ఫ్రెడ్ మార్టెల్ 19వ శతాబ్దం చివరలోనే ఈ ప్రమాదాన్ని గుర్తించారు. పశువుల కళేబరాలను రాతి బిలాల్లో పడేసే అలవాటు వల్ల దిగువ ఊటలు కలుషితమవుతున్నాయని ఆయన చూపించారు. 1902 నాటి ఫ్రాన్స్ ప్రజారోగ్య చట్టంలో ఆ అలవాటుపై నిషేధం రావడానికి అదే కారణం.

శతాబ్దం గడిచినా ముప్పు తగ్గలేదు. కెనడాలోని వాకర్టన్ పట్టణంలో 2000 మే నెలలో భారీ వర్షాల తర్వాత పశువుల పేడలోని ప్రమాదకర బ్యాక్టీరియా తాగునీటి బావిలోకి చేరింది. ఏడుగురు చనిపోగా, 2,000 మందికి పైగా అస్వస్థులయ్యారు. క్లోరిన్ కలపడంలో నిర్లక్ష్యం ఇందుకు ప్రధాన కారణమైనా, బావి కింద బీటలు వారిన కార్బొనేట్ శిల ఉండటం వల్ల కాలుష్యానికి అడ్డు లేకుండా పోయింది.

మేఘాలయ: గుహల పక్కనే గనులు

భారత్‌లో కార్స్ట్ అత్యంత విస్తారంగా, లోతుగా ఉన్న రాష్ట్రం మేఘాలయ. గారో, ఖాసీ, జయంతియా కొండల దక్షిణ అంచున సున్నపురాయి పట్టీ ఉంది. దానిపై కుండపోతగా వానలు కురుస్తాయి. సొహ్రాలో, అంటే చిరపుంజిలో, 1860 ఆగస్టు నుంచి 1861 జులై వరకు 26,461 మిల్లీమీటర్ల వర్షం పడినట్లు నమోదైంది. అంత వాన కురిసే సొహ్రాలోనూ చలికాలంలో ఆడవారు నీటి కోసం దూరాలు నడవాల్సి వస్తుంది. ఏటవాలు కొండలు, అడవి తరిగిన పలుచని మట్టి, నీటిని నిలవనీయని శిలలు అన్నీ ఇందుకు కారణాలే.

ఖాసీ భాషలో గుహను 'క్రెమ్' అంటారు. 1990ల ఆరంభం నుంచి మేఘాలయ అడ్వెంచరర్స్ అసోసియేషన్, విదేశీ గుహాన్వేషకులు కలిసి ఏటా చేపట్టిన యాత్రల్లో 1,600కు పైగా గుహలను గుర్తించారు. దాదాపు 500 కిలోమీటర్ల మేర గుహామార్గాలను పటాల్లోకి ఎక్కించారు. తూర్పు జయంతియా కొండల జిల్లాలోని క్రెమ్ లియాత్ ప్రా 30 కిలోమీటర్లకు పైగా పొడవున్న సున్నపురాయి గుహ. దేశంలో ఇంతకంటే పొడవైన గుహ ఇప్పటివరకు బయటపడలేదు. మాసిన్‌రామ్ సమీపంలోని క్రెమ్ పురి 24 కిలోమీటర్లకు పైగా పొడవున్న ఇసుకరాతి గుహ. ఆ రకం గుహల్లో ప్రపంచంలోనే పొడవైనదిగా అది 2018లో వార్తల్లోకెక్కింది.

ఈ గుహలు ఉన్న చోటే సున్నపురాయి గనులు, సిమెంటు కర్మాగారాలు, బొగ్గు గనులు ఉన్నాయి. జయంతియా కొండల్లోని లుమ్‌ష్నాంగ్ ప్రాంతంలో 20 కిలోమీటర్లకు పైగా పొడవైన కోత్సతి గుహావ్యవస్థ ఉంది. రాష్ట్రంలోని సిమెంటు కర్మాగారాలు ఎక్కువగా కొలువుదీరింది కూడా ఆ చుట్టుపక్కలే. సరిహద్దుకు అవతల, బంగ్లాదేశ్‌లోని ఛాతక్‌లో ఉన్న సిమెంటు కర్మాగారానికి ఖాసీ కొండల సున్నపురాయి సుమారు 17 కిలోమీటర్ల కన్వేయర్ బెల్టుపై ప్రయాణించి చేరుతుంది. అటవీ అనుమతుల వివాదంతో ఈ తవ్వకంపై సుప్రీంకోర్టు విధించిన స్టే, 2011 జులైలో షరతులతో తొలగిపోయింది.

బొగ్గు తెచ్చే సమస్య మరో రకానిది. జయంతియా కొండల్లో బొగ్గు పొరలు, సున్నపురాయి పొరలు దగ్గరదగ్గరగా ఉంటాయి. ఇక్కడి బొగ్గులో గంధకం ఎక్కువ. తవ్విన గనుల్లో అది గాలి, నీటితో కలిసి గంధకామ్లంగా మారుతుంది. ఆ నీరు వాగుల్లోకి, అక్కడి నుంచి గుహల్లోకి దిగుతుంది. బంగ్లాదేశ్ వైపు పారే లూఖా నది చలికాలంలో ముదురు నీలిరంగులోకి మారడం, చేపలు చనిపోవడం ఏళ్లుగా కనిపిస్తోంది. గనుల నుంచి వచ్చే ఆమ్లజలమే ఇందుకు కారణమన్న ఆరోపణ బలంగా ఉంది.

'ఎలుక బొరియల' పద్ధతిలో బొగ్గు తవ్వకాన్ని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2014 ఏప్రిల్‌లో నిషేధించింది. అయినా తవ్వకాలు పూర్తిగా ఆగలేదు. 2018 డిసెంబరు 13న జయంతియా కొండల్లోని క్సాన్ వద్ద అక్రమ గనిలోకి నీరు పోటెత్తి 15 మంది కార్మికులు చిక్కుకుపోయినప్పుడు ఆ సంగతి దేశానికంతటికీ తెలిసింది. శాస్త్రీయ పద్ధతిలో, చట్టప్రకారం అనుమతులు పొంది తవ్వకాలు చేపట్టవచ్చని సుప్రీంకోర్టు 2019 జులైలో స్పష్టం చేసింది.

మేఘాలయలో చాలావరకు భూమి ప్రభుత్వానిది కాదు. రాజ్యాంగంలోని ఆరో షెడ్యూలు కింద ఉన్న ఈ కొండల్లో నేల తెగలు, వంశాలు, వ్యక్తుల అధీనంలో ఉంటుంది. గుహ ఎవరి నేల కింద ఉందో వారి సమ్మతి లేకుండా రక్షణ సాధ్యం కాదు. గని కౌలు వెంటనే డబ్బు తెస్తుంది. గుహను కాపాడితే వచ్చే ఆదాయం ఆలస్యంగా, అనిశ్చితంగా ఉంటుంది. వివాదమంతా ఈ లెక్క చుట్టూనే తిరుగుతోంది.

ఒక యుగానికి పేరిచ్చిన రాయి

గుహలోని కాల్సైట్ నిక్షేపాలు ప్రకృతి రాసిపెట్టిన వర్షపాత దస్తావేజులు. పొరల్లోని యురేనియం, థోరియం మోతాదులను బట్టి వాటి వయసును, ఆక్సిజన్ ఐసోటోపుల నిష్పత్తిని బట్టి నాటి రుతుపవనాల తీరును అంచనా వేస్తారు.

సొహ్రా సమీపంలోని మామ్‌లూహ్ గుహ నుంచి సేకరించిన ఒక స్టాలగ్మైట్‌లో సుమారు 4,200 ఏళ్ల కిందట రుతుపవనాలు బలహీనపడిన ఆనవాళ్లు దొరికాయి. ఈజిప్టు, మెసొపొటేమియా, సింధు లోయల్లో నాగరికతలు ఒడుదొడుకులకు లోనైన కాలం కూడా దాదాపు అదే. ఆ రాతి పొరను ప్రామాణికంగా తీసుకొని, అప్పటి నుంచి నేటి వరకు సాగుతున్న భూచరిత్ర దశకు 'మేఘాలయన్' అని అంతర్జాతీయ భూవిజ్ఞాన శాస్త్రాల సంఘం 2018లో పేరు పెట్టింది. ఆ అనావృష్టి ప్రపంచమంతటా ఒకేలా ఉందా అన్న విషయంపై శాస్త్రవేత్తల్లో ఇంకా చర్చ ఉంది. అదే సంఘం 2022లో ప్రకటించిన తొలి 100 భూవారసత్వ స్థలాల్లో మామ్‌లూహ్ గుహ ఒకటి.

ఆ గుహకు సమీపంలోనే సున్నపురాయి క్వారీలు నడిచాయి. రాయిని సిమెంటుగా మార్చి అమ్మితే దాని విలువ టన్నుల్లో తేలుతుంది. అదే రాయిలో దాగిన 4,200 ఏళ్ల నాటి వాన లెక్కకు ధర కట్టే పద్ధతి ఏ గని ఒప్పందంలోనూ ఉండదు.

చీకటిలో బతికే జీవులు

గుహల్లో వెలుగు ఉండదు కాబట్టి మొక్కలు పెరగవు. వరద తెచ్చిన ఆకులు అలములు, గబ్బిలాల రెట్టే అక్కడి జీవులకు ఆహారం. తరతరాలుగా చీకట్లో బతికిన జీవుల్లో కళ్లు కుంచించుకుపోయి, రంగు వెలిసిపోయి, స్పర్శ, వాసన పసిగట్టే అవయవాలు పెరుగుతాయి.

జయంతియా కొండల్లోని ఉమ్ లదావ్ గుహలో అడుగుకు మించిన పొడవున్న చేపలు ఉన్నట్లు 2019లో వెల్లడైంది. ప్రపంచంలో ఇప్పటివరకు తెలిసిన గుహాచేపలన్నింటిలోనూ ఇదే పెద్దది. అక్కడి ప్నార్ ప్రజల పేరిట 2023లో దీనికి 'నియోలిసోకైలస్ ప్నార్' అని నామకరణం చేశారు. గారో కొండల్లోని సిజు గుహలో స్టాన్లీ కెంప్, బి. చోప్రా 1922లో జరిపిన పరిశీలన భారత గుహాజీవుల అధ్యయనానికి పునాది. బస్తర్‌లోని కుటుంసర్ గుహలో కూడా చూపు క్షీణించిన చిన్న చేపలు ఉన్నాయి.

ఇలాంటి జీవులు తరచూ ఒకే గుహకో, ఒకే కొండకో పరిమితమై ఉంటాయి. ఒక క్వారీ ఆ కొండను తినేస్తే, ప్రపంచంలో మరెక్కడా లేని జాతి అంతరించిపోవచ్చు. ఆ జాతికి అప్పటికి పేరు కూడా పెట్టి ఉండకపోవచ్చు.

గబ్బిలాల సంగతి నేరుగా రైతుకు సంబంధించినది. గుహల్లో నివసించే కీటకాహార గబ్బిలాలు రాత్రిపూట పొలాలపై ఎగిరే పురుగులను పెద్ద ఎత్తున తింటాయి. పండ్ల గబ్బిలాలు పూలను పరాగసంపర్కం చేస్తాయి, విత్తనాలను వెదజల్లుతాయి. అయినా వన్యప్రాణి సంరక్షణ చట్టం చాలాకాలం పాటు పండ్ల గబ్బిలాలను ఎలుకలు, కాకులతో కలిపి హానికర జీవుల జాబితాలో ఉంచింది. 2022 సవరణతో ఆ జాబితా తొలగిపోయింది.

రాయలసీమ, పల్నాడు: ఇంటి గచ్చు నుంచి గుహ దాకా

తెలుగువారికి సున్నపురాయితో పరిచయం ఇంటి గచ్చు నుంచే మొదలవుతుంది. బేతంచెర్ల, తాడిపత్రి నాపరాళ్లు, తాండూరు, షాబాదు బండలు అన్నీ పొరలుపొరలుగా విడిపోయే సున్నపురాళ్లే. పిడుగురాళ్ల పేరు చెబితే సున్నం గుర్తొస్తుంది. కర్నూలు, నంద్యాల, కడప, పల్నాడు జిల్లాల్లోనూ, కృష్ణకు అవతల హుజూర్‌నగర్ ప్రాంతంలోనూ సిమెంటు కర్మాగారాలు బారులు తీరడానికి కారణం ఈ శిలలే.

ఆ శిలల్లోనే గుహలూ ఉన్నాయి. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహల పేరు 'బిలం' అనే మాట నుంచి వచ్చిందని చెబుతారు. 1884లో భూవిజ్ఞాన శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశారు. 1980ల తొలినాళ్లలో హెర్బర్ట్ డానియెల్ గెబౌయర్ నాయకత్వంలోని జర్మన్ బృందం లోపలి దారులను కొలిచింది. సుమారు 3.2 కిలోమీటర్ల పొడవున్న ఈ గుహలో 'పాతాళగంగ' అనే నీటిపాయ రాతిలోకి మాయమవుతుంది. పర్యాటక కేంద్రం కాకముందు చుట్టుపక్కల చెత్తను ఈ గుహలోకి పారబోసేవారు. శుభ్రం చేసి, దారులు వేసి 2002లో సందర్శకులకు తెరిచారు.

బేతంచెర్ల సమీపంలోని బిల్లసర్గం గుహల్లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ ఫుట్ 1880లలో జరిపిన తవ్వకాల్లో ప్రాచీన జంతువుల ఎముకలు పెద్దసంఖ్యలో బయటపడ్డాయి. యాగంటి క్షేత్రంలోని గుహలు, ఏడాది పొడవునా నీరుండే కోనేరు, పల్నాడులో తొలి ఏకాదశికి భక్తులు పోటెత్తే గుత్తికొండ బిలం కూడా ఈ సున్నపురాతి నేలలకు చెందినవే. ఇక్కడ కార్స్ట్ అంటే తీర్థం కూడా. చుట్టుపక్కల నీటిమట్టం పడిపోతే ముందుగా మూగబోయేది ఈ ఊటలే.

బొర్రా ఊళ్ల నుంచి వచ్చిన తీర్పు

అనంతగిరి కొండల్లోని బొర్రా గుహలది మరింత పాత శిల. గోస్తనీ నది ఈ గుహల గుండా పారుతుంది. విశాఖపట్నం నుంచి కిరండోల్ వెళ్లే రైలుమార్గం గుహల మీదుగా సాగుతుంది. చుట్టుపక్కల నేలలో కాల్సైట్ నిక్షేపాలు ఉండటంతో ప్రైవేటు సంస్థలకు గని కౌళ్లు మంజూరయ్యాయి. బొర్రా అటవీ ప్రాంతంలోని గిరిజన గ్రామాల తరఫున 'సమత' అనే స్వచ్ఛంద సంస్థ న్యాయపోరాటానికి దిగింది.

1997 జులై 11న సుప్రీంకోర్టు ధర్మాసనం మెజారిటీ తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు కౌలుకివ్వడం చెల్లదని ప్రకటించింది. ప్రభుత్వ సంస్థలు, గిరిజనుల సహకార సంఘాలు తవ్వకాలు జరపవచ్చని, లాభాల్లో కనీసం 20 శాతాన్ని స్థానిక అభివృద్ధికి, పర్యావరణ పరిరక్షణకు కేటాయించాలని పేర్కొంది. 'సమత తీర్పు'గా దేశమంతటా ప్రస్తావనకు వచ్చే ఈ నిర్ణయం గిరిజనుల భూమి హక్కులకు సంబంధించినది. గుహల రక్షణ దాని ప్రధానాంశం కాదు. కానీ ఒక కార్స్ట్ ప్రాంతంలో తవ్వకాన్ని నిలువరించింది ఏ గుహల చట్టమో కాదు, అక్కడ నివసించే వారి హక్కులేనన్నది గమనించాల్సిన విషయం.

భూమి ఎందుకు కుంగుతుంది?

2015 చివర్లో భారీ వర్షాల తర్వాత కడప జిల్లా చింతకొమ్మదిన్నె మండలంలో పొలాల్లో ఉన్నట్టుండి పెద్ద గుంతలు పడ్డాయి. గ్రామస్థులు భయాందోళనకు గురయ్యారు. ఇలాంటి గుంతలను సింక్‌హోల్స్ అంటారు.

సున్నపురాతి నేలలో భూమి కింద ఉన్న ఖాళీలను నింపిన నీరు పైనున్న మట్టికి కొంత ఆసరాగా నిలుస్తుంది. బోరుబావులతో ఆ నీటిని తోడేస్తే ఆసరా పోతుంది. మట్టి కొద్దికొద్దిగా బీటల్లోకి జారి, పైన పలుచని కప్పు మాత్రమే మిగులుతుంది. అనావృష్టి తర్వాత ఒక్కసారిగా కుండపోత కురిస్తే, నానిన మట్టి బరువుకు ఆ కప్పు కూలుతుంది. అందుకే సింక్‌హోల్స్ తరచూ కరవు తర్వాతి వానల్లో కనిపిస్తాయి.

అమెరికాలోని ఫ్లోరిడాలో 2010 జనవరిలో చలిగాలుల నుంచి స్ట్రాబెరీ పంటను కాపాడుకోవడానికి రైతులు వరుసగా 11 రోజుల పాటు భూగర్భజలాన్ని తోడి చల్లారు. నీటిమట్టం వేగంగా పడిపోయి, 100కు పైగా సింక్‌హోల్స్ ఏర్పడ్డాయి. క్వారీల అడుగున చేరే నీటిని పంపులతో ఎత్తిపోసినా ఇదే ఫలితం ఎదురుకావచ్చు. గని హద్దుకు చాలా దూరంలో ఉన్న బావి ఎండిపోయినప్పుడు, ఆ రెంటికీ సంబంధం ఉందని నిరూపించడం రైతుకు తలకు మించిన పని అవుతుంది.

పొరుగు దేశాల అనుభవం

శ్రీలంక ఉత్తరాన ఉన్న జాఫ్నా ద్వీపకల్పంలో ఏడాది పొడవునా పారే నదులు లేవు. తాగడానికైనా, ఉల్లి, మిరప, పొగాకు తోటలకైనా సున్నపురాతి పొరల్లోని బావినీరే దిక్కు. వాననీరు అక్కడ ఉప్పునీటిపై కటకంలా తేలుతూ నిలుస్తుంది. ఎక్కువ తోడితే అడుగున ఉన్న ఉప్పునీరు పైకి వస్తుంది. రసాయన ఎరువుల నుంచి, ఇంటి మరుగుదొడ్ల గుంతల నుంచి దిగే నైట్రేట్ చాలా బావుల్లో పరిమితి దాటినట్లు దశాబ్దాలుగా అధ్యయనాలు చెబుతున్నాయి. నీటిలో నైట్రేట్ ఎక్కువైతే పసిపిల్లల రక్తానికి ప్రాణవాయువును మోసే శక్తి తగ్గుతుంది.

నేపాల్‌లోని పోఖరాలో కార్స్ట్‌ను పర్యాటకులు కళ్లారా చూస్తారు. డేవిస్ జలపాతం వద్ద వాగు నేలలోకి దూకి మాయమై, గుప్తేశ్వర్ గుహ దిగువన మళ్లీ కనిపిస్తుంది. అదే లోయలోని అర్మాలా గ్రామంలో 2013 నవంబరు నుంచి పదుల సంఖ్యలో గుంతలు పడి, ఇళ్లు, పొలాలు ప్రమాదంలో పడ్డాయి. అందమైన జలపాతానికీ, కుంగిన పొలానికీ మూలం సున్నం కలిసిన ఆ నేల స్వభావమే.

చూడటానికి వెళ్లేవారు చేసే నష్టం

గుహ లోపలి ఉష్ణోగ్రత, తేమ ఏడాది పొడవునా దాదాపు స్థిరంగా ఉంటాయి. సందర్శకుల శరీర వేడి, ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్, బట్టల నుంచి రాలే నూగు ఆ సమతుల్యాన్ని చెరుపుతాయి. విద్యుత్ దీపాల వెలుగు పడే చోట పచ్చని నాచు పెరిగి కాల్సైట్‌ను పాడుచేస్తుంది. చేతి జిడ్డు అంటిన స్టాలగ్మైట్‌పై కొత్త పొర సరిగా పేరుకోదు.

ఫ్రాన్స్‌లోని లాస్కో గుహలో వేల ఏళ్ల నాటి చిత్రాలు నాచు, కాల్సైట్ పొరల వల్ల దెబ్బతినడంతో 1963లో సందర్శకుల ప్రవేశాన్ని నిలిపివేశారు. ఇప్పుడు చూసేవారు నకలు గుహనే చూస్తారు. కుటుంసర్ గుహను ఏటా వానాకాలంలో మూసివేస్తారు. వరద ముప్పు నుంచి సందర్శకులను కాపాడే ఈ విరామం గుహకూ ఊరటే.

పర్యాటకాన్ని పూర్తిగా కాదనలేని పరిస్థితి కూడా ఉంది. టికెట్ ఆదాయం, గైడ్ల ఉపాధి ఉన్న చోట గుహను కాపాడుకోవాలన్న ఆసక్తి గ్రామస్థుల్లో పెరుగుతుంది. గనికి ప్రత్యామ్నాయంగా చూపగలిగే జీవనాధారాల్లో ఇదొకటి.

చట్టాలు ఏం చెబుతున్నాయి?

అమెరికాలో సమాఖ్య ప్రభుత్వ భూముల్లోని గుహల రక్షణకు 1988 నుంచి ప్రత్యేక చట్టం ఉంది. స్లొవేనియా 2004లో గుహల రక్షణ చట్టం చేసింది. భారత్‌లో గుహల కోసం ప్రత్యేక చట్టం లేదు. అడవిలో ఉంటే అటవీ చట్టం, శాసనాలు, శిల్పాలు ఉంటే పురావస్తు చట్టం, అరుదైన జంతువులుంటే వన్యప్రాణి చట్టం వర్తిస్తాయి. ఈ మూడింటి పరిధిలోకీ రాని గుహ కేవలం ఖనిజ నిక్షేపంగానే లెక్కకు వస్తుంది.

భూవారసత్వ స్థలాల పరిరక్షణ కోసం కేంద్ర గనుల శాఖ 2022లో ఒక ముసాయిదా బిల్లును ప్రజాభిప్రాయానికి పెట్టింది. గనులను ప్రోత్సహించే శాఖే వారసత్వాన్ని కాపాడే బాధ్యతా తీసుకోవడం ఎంతవరకు సబబన్న ప్రశ్న ఇక్కడ సహజంగానే తలెత్తుతుంది. 2025లో భారత్ మేఘాలయన్ యుగపు గుహలను, బస్తర్‌లోని కాంగేర్ లోయ జాతీయ ఉద్యానాన్ని యునెస్కో తాత్కాలిక జాబితాకు చేర్చింది. తిరుమల కొండలు, విశాఖపట్నం ఎర్రమట్టి దిబ్బలు కూడా అదే ఏడాది ఆ జాబితాకెక్కాయి. తాత్కాలిక జాబితాలో చేరడం గౌరవమే గానీ, దానివల్ల చట్టపరమైన రక్షణ దానంతట అదే రాదు.

ఏం చేయవచ్చు?

ఇతర దేశాల అనుభవం కొన్ని మార్గాలను సూచిస్తోంది. గని కౌలుకు ముందే నేల కింది ఖాళీలను, నీటి దారులను సర్వే చేయడం మొదటిది. హానిలేని రంగును బిలంలో కలిపి, అది ఏ ఊటలో తేలుతుందో చూసే పరీక్ష పెద్ద ఖర్చు లేనిది. ఊటకు నీరందించే ప్రాంతాన్ని గుర్తిస్తే, ఎక్కడ తవ్వకూడదో, ఎక్కడ చెత్త వేయకూడదో చెప్పగలుగుతారు.

గుహల చుట్టూ తవ్వకం లేని వలయం ఉంచడం, పేలుళ్ల తీవ్రతకు పరిమితి విధించడం, సింక్‌హోల్స్‌ను చెత్తకుండీలుగా వాడకుండా అడ్డుకోవడం, సున్నపురాతి నేలల్లో మరుగుదొడ్ల గుంతలను అడుగు కారకుండా కట్టించడం మిగతా మార్గాలు. సిమెంటులో కొంత భాగానికి బదులుగా థర్మల్ కేంద్రాల బూడిదను, ఉక్కు కర్మాగారాల స్లాగ్‌ను కలపడం దేశంలో ఇప్పటికే ఉన్న పద్ధతి. ఆ వాటా పెరిగితే రాయి తవ్వకం ఆ మేరకు తగ్గుతుంది.

దేశానికి సిమెంటు అవసరం తగ్గబోదు. ఇల్లు, రోడ్డు, వంతెన అన్నింటికీ అది కావాల్సిందే. సున్నపురాయి దొరికే చోట్లు అనేకం ఉన్నాయి. అన్ని చోట్లా ఒకేలాంటి గుహలు, ఊటలు, జీవులు ఉండవు. ఏ కొండను తవ్వాలి, ఏ కొండను వదిలేయాలి అన్న నిర్ణయం ఆ కొండ లోపల ఏముందో తెలిశాకే జరగాలి. మేఘాలయలో గుర్తించిన గుహల్లో గణనీయమైన భాగాన్ని ఇప్పటికీ పూర్తిగా పరిశీలించలేదు. రాయలసీమ, పల్నాడు సున్నపురాళ్ల కింద ఉన్న ఖాళీలకు సమగ్రమైన పటం సిద్ధం కావాల్సే ఉంది.